ధర మారింది, ఆడియో మారలేదు

నెల్లూరు జిల్లా తీరంలోని ఒక ఊరి నుంచి 33 ఏళ్ల పాఠకుడొకరు ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయవద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, అందుకే సారం మాత్రం ఇస్తున్నాను.

ఆయన ఆక్వాకల్చర్‌లో డిగ్రీ చేశారు. కొన్నేళ్లు ఒక మేత కంపెనీలో టెక్నీషియన్‌గా చెరువుల వెంట తిరిగి, ఇప్పుడు అన్నతో కలిసి ఆరెకరాల గుంటలు లీజుకు తీసుకుని వనామీ రొయ్యలు వేస్తున్నారు. రెండేళ్లుగా రాత్రి భోజనాలయ్యాక ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడి రికార్డు చేస్తున్నారు. నీటి పరీక్షలు, మేత లెక్క, మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో ఏం చూడాలి, తెల్లమచ్చ జబ్బు కనిపిస్తే ఏం చేయాలి, ఆ రోజు ఏ కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ఎంత పలికింది అన్నవి విషయాలు. దాన్ని పాడ్‌కాస్ట్‌గా యాప్‌లో పెడతారు. అదే ఫైలును రైతుల వాట్సాప్ గ్రూపుల్లోనూ వేస్తారు. వినేవాళ్లలో ఎక్కువమంది రాత్రిళ్లు గుంటల మీద కాపలా ఉండేవాళ్లు. నీటిలో గాలి కలిపే ఏరేటర్ల హోరులో వినపడదని ఫోన్‌ను స్టీలు గ్లాసులో నిలబెట్టి వింటారట.

ధర బాగా పడిపోయిన రోజుల్లో ఒక రాత్రి ఆయన, "100 కౌంటు ఇంకా తగ్గేలా ఉంది, చూసుకోండి" అని చెప్పారు. తేదీ చెప్పలేదు. మూడు వారాలకు ధర కోలుకుంది. అప్పుడు ఆ ఆడియో ఎక్కడెక్కడో తిరిగి, అదే ఊళ్లో వరసకు పెదనాన్న అయ్యే రైతు ఫోన్‌లోకి వచ్చింది. ఆయన అది ఆ రాత్రి చెప్పిన మాటే అనుకున్నారు. దళారీని అడిగితే అతనూ అవుననే అన్నాడు. తెల్లారేసరికి పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మేయడం, అయిపోయింది. కిలోకు బాగా నష్టపోయారు. "నీ మాట ఇని గుంట పట్టించినాను గదబ్బయా" అని టీ అంగడి దగ్గర నలుగురిలో నిలదీశారట. అప్పటి నుంచి రెండిళ్ల మధ్య మాటల్లేవు.

పాఠకుడి మామగారు, అంటే భార్య తండ్రి, రేడియోలో వ్యవసాయ కార్యక్రమాలు చేసి రిటైరైన మనిషి. "మైకు పట్టుకున్న ప్రతివాడూ రేడియో కాదు. మా దగ్గర స్క్రిప్టు మీద సంతకం పడందే మాట బయటికి పొయ్యేది కాదు. ఇది ఆపేసి రేడియోలో కాజువల్‌గా చేరు" అంటున్నారు. ఇంతలో ఒక మందుల కంపెనీ, ప్రతి ఎపిసోడ్‌లో రొయ్యల పేగుల కోసం వాడే తమ గట్ మందు పేరు చెబితే నెలకు 15 వేలు ఇస్తామని వచ్చింది. అప్పులున్నాయి కదా, ఒప్పుకోమని భార్య. "నేను చేసేది ప్రసారమా, పోచికోలు కబుర్లా? ఆపెయ్యాలా, రేడియోకి పోవాలా, డబ్బు తీసుకోవాలా? టెన్షన్‌తో పది రోజులుగా రికార్డు చెయ్యలేదు" అని ముగించారు.

మీరు మూడు ప్రశ్నలు అడిగారు గానీ, మిమ్మల్ని తినేస్తున్నది మీరు అడగని నాలుగోది: పెదనాన్న నష్టం నా తప్పేనా? ముందు దాని సంగతి చూద్దాం.

అందులో మీ వాటా ఉంది. మొత్తం మీది కాదు. ఆ రోజు ధర ఎంతో కచ్చితంగా తెలిసిన మనిషి దళారీ. అడిగినప్పుడు తల ఊపాడు. అయినా టీ అంగడిలో అతని పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తరు కూడా. వచ్చే పంటకి అతనితో పని ఉంటుంది. మీరు ఇంటి పిల్లాడు, మిమ్మల్ని అనడానికి ఖర్చు లేదు. ఇది మీరు పెదనాన్న దగ్గర వాదించాల్సిన విషయం కాదు. అప్పుడు తప్పించుకుంటున్నట్టే ఉంటుంది. రాత్రి నిద్ర పట్టనప్పుడు మీకు మీరు చెప్పుకోవడానికి చెబుతున్నాను.

ఆయన ఇంటికి వెళ్లండి. ఫోన్ వద్దు, గ్రూపులో మెసేజ్ అసలే వద్దు. నష్టం కట్టిస్తానని మాత్రం అనకండి. ఒకరికి కడితే, మీ ఆడియో విని పట్టామంటూ రేపు ఇంకో నలుగురు వస్తారు, వాళ్లలో ఇద్దరు వినకపోయినా వస్తారు. "తేదీ చెప్పకపోవడం నా పొరపాటే పెదనాయనా, ఇకమీదట అలా జరగదు" అనండి చాలు. వచ్చే పంటకి సీడ్ (రొయ్య పిల్లలు) వేసే ముందు ఆయన గుంటల నీటి పరీక్షలు మీరే చేసి పెడతానంటే ఒప్పుకోవచ్చు, మొహం తిప్పుకోవచ్చు. రెండోది జరిగితే ఒక పంటకాలం ఆగాల్సిందే. ఈ గొడవ మీద ఎపిసోడ్ చేయాలనిపిస్తుంది, చేయకండి. పేరు చెప్పకపోయినా ఊరంతటికీ తెలుస్తుంది.

ఇక మామగారి మాట. తనిఖీ లేకపోవడం వల్లే ఇదంతా జరిగిందన్నారు కదా. నేను ఒప్పుకోను. ఆ రాత్రి మీరు చెప్పిన ధర సరైనదే. పదిమంది ఆఫీసర్లు సంతకాలు పెట్టినా అదే ధర ఉండేది, మూడు వారాలకు అదే పాతబడేది. రేడియోను ఈ చిక్కు నుంచి కాపాడింది సంతకం కాదు, గడియారం. సాయంత్రం ఆరున్నరకి చెప్పిన ధర ఆరు ముప్ఫై ఐదుకి గాలిలో కలిసిపోతుంది. మర్నాడు కొత్తది వస్తుంది. నిన్నటి మాట ఎవరి చెవిలోకీ తిరిగి రాదు. "ఈ రోజు", "నిన్నటికంటే", "రేపటికి" లాంటి మాటలు రేడియోలో హాయిగా నడుస్తాయి. ఎందుకంటే చెప్పేవాళ్లదీ వినేవాళ్లదీ ఒకే గంట.

పాడ్‌కాస్ట్ పుట్టిందే ఆ గంటను వదిలించుకోవడానికి. 2004 ప్రాంతంలో ఈ పద్ధతి రూపు కట్టింది, 2005 జూన్‌లో ఆపిల్ తన ఐట్యూన్స్‌లో చేర్చాక బాగా పాకింది. కార్యక్రమం ఒక ఫైలుగా మన దగ్గరికొచ్చి కూర్చుంటుంది, ఎప్పుడు వినాలో వినేవాడే నిర్ణయించుకుంటాడు. మీ శ్రోతలకి ఇదెంత మేలు చేసిందో మీకు తెలుసు. రాత్రి పదకొండు దాటితే చాలా రేడియో కేంద్రాలు ప్రసారం ముగించేవి. గుంటలో డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోయేది తెల్లవారుజామున. ఆ వేళ ఏరేటర్ ఆగితే ఏం చేయాలో చెప్పే గొంతు ఏ రేడియోలో ఉంది? మీ దాంట్లో ఉంది. మామగారితో ఈ మాట గట్టిగానే అనొచ్చు. అయితే మీరు ఆ నిలవ ఉండే ఫైల్లోకి రేడియో మాటలు మాట్లాడారు. చిక్కంతా అక్కడే ఉంది.

కాబట్టి ఆపాలా వద్దా అనే ముందు, చెప్పే విషయాన్ని రెండుగా విడగొట్టండి. నిలవ ఉండేవి అంటే చెరువు ఎండబెట్టడం, సున్నం, సీడ్ ఎంపిక, మేత లెక్క. ఇవి పాడ్‌కాస్ట్‌లో పెట్టండి. ఏడాది తర్వాత విన్నా నష్టం లేదు, ఏ ఎపిసోడ్ అయినా మొదటి వాక్యంలోనే తేదీ చెప్పండి, శీర్షికలోనూ రాయండి. ధరలు అందులోంచి తీసేయండి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాలను 50 శాతానికి పెంచినప్పుడు కొనుగోలు ధరలు ఎలా ఊగాయో చూశారుగా. అంత త్వరగా మారే సంగతిని ఫైల్లో దాచకూడదు. వాట్సాప్ స్టేటస్‌లో చిన్న వాయిస్‌గా పెడితే 24 గంటల్లో అదే పోతుంది. ఒక చిక్కుంది. మీ నంబరు వాళ్ల ఫోన్‌లో, వాళ్ల నంబరు మీ ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే స్టేటస్ కనిపిస్తుంది. గ్రూపుల ద్వారా విన్నవాళ్లలో చాలామంది జారిపోతారు.

ఇంకొకటి. గ్రూపుల్లో ఫైలు వేయడం మానేసి లింకు వేయండి. ఫైలు వేశారంటే అది ఇక మీది కాదు. ఎవరు ఎవరికి పంపారో మీకు తెలియదు, వెనక్కి తెచ్చుకునే దారి లేదు. లింకు అయితే అసలు ఎపిసోడ్ మీ చేతిలో ఉంటుంది, తప్పు దొర్లితే తీసేయొచ్చు, చాలా యాప్‌లలో అదే లింకు కింద సరిచేసిన ఆడియో పెట్టొచ్చు. ముందే డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ల దగ్గర పాతదే ఉంటుందనుకోండి, అది తప్పదు. సిగ్నల్ అందని గుంటల దగ్గర లింకు తెరుచుకోదని అంటారు, అదీ నిజమే. మాట్లాడే గొంతుకు ఆడియో నాణ్యత 64 కేబీపీఎస్ ఉంటే సరిపోతుంది. ఆ లెక్కన పది నిమిషాలు 5 ఎంబీ కూడా ఉండదు. సాయంత్రం ఇంటి దగ్గరే యాప్‌లో దించుకుని వెళ్లమనండి. కొందరు నేర్చుకుంటారు. కొందరు "ఇదంతా ఎవరు చేస్తారు" అని వదిలేస్తారు. శ్రోతలు తగ్గుతారు. ఆ తగ్గుదల మీకు బాధ కలిగిస్తుంది, కానీ తేదీ లేని ఫైళ్లు ఊరూరా తిరగడం కంటే నయం.

మామగారి మాటలో నిజమూ ఉంది, దాన్ని కొట్టేయకండి. 1960ల్లో తంజావూరు రైతులు అడుతురై నుంచి వచ్చిన ఏడీటీ-27 అనే వరి రకాన్ని 'రేడియో వరి' అని పిలిచేవారు. తిరుచ్చి రేడియోలో విని వేశారు కాబట్టి. ఒక విత్తనానికి రేడియో పేరు పెట్టేంత నమ్మకం అది. ఊరికే రాలేదు. రేడియోలో చెప్పినదాన్ని పొలంలో నిలబడి చూపించే వ్యవసాయ సిబ్బంది వెనక ఉన్నారు. దానికి పదేళ్ల ముందే, 1956లో, పుణే చుట్టుపక్కల జిల్లాల్లో యునెస్కో సాయంతో ఒక ప్రయోగం జరిగింది. పల్లెల్లో జనం గుంపుగా కూర్చుని కార్యక్రమం విని, చర్చించుకుని, సందేహాలు తిరిగి రేడియోకి పంపేవారు. అంటే రేడియో బాగా నడిచిన చోట దాని బలం స్టూడియోలోనే లేదు, విన్నాక జరిగిన మాటల్లోనూ ఉంది. రేడియో వాళ్లు ఎప్పుడూ తప్పు చెప్పలేదనీ కాదు. తప్పు చెబితే అడగడానికి ఒక ఆఫీసు, ఒక ఉత్తరం, ఒక బాధ్యత ఉండేవి.

మీకు లేనిది అదే. ఎపిసోడ్ పెట్టే ముందు ఇద్దరికి వినిపించండి. ఒకరు మీ కంటే ఎక్కువ పంటలు చూసిన రైతు, ఇంకొకరు చదువుకున్నవాళ్లు. ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల ఉంది. జబ్బుల గురించి చెప్పేటప్పుడు అక్కడి అధ్యాపకులెవరినైనా అడిగి చెప్పడం పెద్ద పనేం కాదు. మామగారినే తనిఖీకి కూర్చోబెడితే? ఆయన సంతోషిస్తారు. కానీ సగం కోసేస్తారు, మీ నెల్లూరు యాస వార్తల భాష అయిపోతుంది, ఇంట్లో రోజూ ఒక పంచాయితీ. ఆయన్ని విషయం అడక్కండి, చెప్పే పద్ధతి అడగండి. రేడియోలో మోతాదు చెప్పేటప్పుడు అంకెను ఒకసారి చెప్పి, ఆగి, మళ్లీ చెబుతారు. రాసుకునే మనిషి పెన్ను వెతుక్కుంటూ ఉంటాడని వాళ్లకు తెలుసు. గుంట గట్టు మీద వినే మనిషికి ఇదెంత ముఖ్యమో ఆలోచించండి.

రేడియోకి వెళ్లడం సంగతి. కాజువల్ అంటే ఉద్యోగం కాదు. సాధారణంగా నెలకు ఆరు డ్యూటీలు మించవు. ఎప్పుడు పిలుస్తారో వాళ్లిష్టం, ఏం మాట్లాడాలో వాళ్లిష్టం. నేర్చుకునేది మాత్రం చాలా ఉంటుంది, మీ మాటకు ఒక సంస్థ పేరు తోడవుతుంది, పెదనాన్నలాంటి వాళ్ల దగ్గర అది పనిచేస్తుంది కూడా. వెళ్లాలనుకుంటే వెళ్లండి, పాడ్‌కాస్ట్‌ను చంపుకుని మాత్రం వద్దు. అది కొనసాగించడానికి ఒప్పందంలో అడ్డేమైనా ఉందా అని సంతకానికి ముందే అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. నోటిమాటతో సరిపెట్టే ఆఫీసులు ఉంటాయి.

సొంతంగా కమ్యూనిటీ రేడియో పెట్టొచ్చు కదా అనిపించొచ్చు. వ్యక్తులకు ఇవ్వరు. కనీసం మూడేళ్ల నుంచి నడుస్తున్న లాభాపేక్ష లేని సంస్థో, విద్యాసంస్థో, కృషి విజ్ఞాన కేంద్రమో దరఖాస్తు పెట్టాలి. ప్రసార శక్తి 100 వాట్లే, పది పదిహేను కిలోమీటర్లు వినిపిస్తే గొప్ప. వార్తలు సొంతంగా చదవకూడదు, ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు వేయాలి. ప్రైవేట్ ఎఫ్ఎంలకూ వార్తల విషయంలో ఇదే కట్టుబాటు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. వాటిని వాడుకుంటే లైసెన్సూ షరతులూ ఉంటాయి. మీరు వాడేది ఇంటర్నెట్ కాబట్టి లైసెన్సు అడిగేవాళ్లు లేరు. అంత మాత్రాన పరువునష్టం, కాపీరైట్ చట్టాలు మిమ్మల్ని వదిలేస్తాయనుకోవద్దు. ఎపిసోడ్ మొదట్లో సినిమా పాట వేస్తున్నానని రాశారు, అది తీసేయండి. రేడియో కేంద్రాలు పాటలకు హక్కుదార్లకి డబ్బు కట్టి వేస్తాయి. మీరు కట్టడం లేదు.

తుఫాను రాత్రుల విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. 2021 నవంబరులో పెన్నా వరదకి కోవూరు దగ్గర పడుగుపాడులో రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది, హైవే తెగింది. అలాంటప్పుడు టవర్లు పడతాయి, ఫోన్ చార్జింగ్ ఉండదు. బ్యాటరీ రేడియో మాట్లాడుతూనే ఉంటుంది. వాయుగుండం అనగానే మీరు సొంతంగా హెచ్చరికలు చేయకండి. "రేడియోలో బులెటిన్ వినండి, ఇంట్లో ఒక సెట్టు పెట్టుకోండి" అని ఎపిసోడ్‌లో చెప్పండి. చాలా కొత్త ఫోన్లలో ఎఫ్ఎం రావడం లేదని, ఉన్నవాటిలోనూ వైరున్న ఇయర్‌ఫోన్ గుచ్చితేనే, ఆ వైరే ఏరియల్ అయి, స్టేషన్ అందుతుందని కూడా చెప్పండి.

డబ్బు మిగిలింది. మీ భార్య తప్పేమీ అడగలేదు. రెండేళ్లు ఊరికే చేశారు, ఇంట్లో అప్పు ఉంది, ఒకరు డబ్బిస్తామంటున్నారు. కాకపోతే ఇక్కడ అమ్మేది మందు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి యాంటీబయోటిక్‌లు రొయ్యల సాగులో నిషిద్ధమని మీకు నేను చెప్పాలా? ఏ మందులోనైనా అవి కలిసి, ఎగుమతి దగ్గర పరీక్షలో దొరికితే సరుకు తిరిగొస్తుంది. ఆ మందు పేరు చెప్పిన గొంతు మీది. ఈసారి దళారీ కూడా మీ వైపే వేలు చూపిస్తాడు.

ఒప్పుకోవాలనే అనుకుంటే, ఆ ఉత్పత్తికి తీరప్రాంత సాగును చూసే కేంద్ర సంస్థ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ ధ్రువీకరణ ఉందేమో కాగితం అడగండి. ఎపిసోడ్‌లో "ఇది డబ్బు తీసుకుని చెబుతున్న ప్రకటన" అని విడిగా, స్పష్టంగా చెప్పండి. ప్రకటనల మీద 2022లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం, డబ్బు తీసుకున్న సంగతి దాచడం కుదరదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకి జరిమానా 10 లక్షల దాకా ఉండొచ్చు. మందు గురించి వాళ్లు రాసిచ్చింది చదవడమే తప్ప, "నేను వాడాను, బాగుంది" అని వాడకుండా అనవద్దు. ఇలా చేస్తే కొందరు శ్రోతలు "అమ్ముడుపోయాడు" అంటారు, పెదనాన్న గొడవ చల్లారకముందే అయితే ఇంకా గట్టిగా అంటారు. నా మొగ్గు మందులు కాకుండా వేరేవాళ్ల వైపు. జనరేటర్లు రిపేరు చేసేవాళ్లు, ఐసు ఫ్యాక్టరీలు, నీటి పరీక్షల ల్యాబులు కూడా మీ శ్రోతలే కావాలనుకుంటారు. 15 వేలు ఒక్కరే ఇవ్వరు, నలుగురు కలిస్తే ఆరేడు వేలు రావచ్చు. వినే రైతులనే పంటకి ఇంత అని అడగడం ఇంకో దారి. అలా అడిగితే ఎంతమంది ఇస్తారో మీకంటే మీ భార్యకే బాగా తెలిసి ఉంటుంది, ఆమెతో కలిసి లెక్క వేయండి. ఏది ఒప్పుకున్నా మూడు నెలలకే ఒప్పుకోండి. ఏడాది ఒప్పందం మీద మాత్రం ఇప్పుడే సంతకం పెట్టకండి.